విప్పని చీటీ

చివరి చీటీ నాకు దేవుడిచ్చిందా, లేక అన్నయ్యలు వదిలేసిందా? ఈ అనుమానం ఏళ్ళ తరబడి నా లోపల ఉంది. గడియారంలో పడ్డ ఇసుక రేణువులాంటిది. నడకని ఆపదు, ఎక్కడో గీసుకుంటూనే ఉంటుంది. పొద్దున్నే దీపం వెలిగించి దణ్ణం పెట్టుకునేటప్పుడు మరీ గీసుకుంటుంది. ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం మా ఆవిడే నా తరఫున దాన్ని తెచ్చి అందరి ముందూ పెట్టేసింది.

చీటీల డబ్బా ఆవిడ ఒళ్ళో ఉంది. రెండు చేతులూ మూత మీద ఉన్నాయి.

"ఇలా ఇవ్వమ్మా," అన్నాడు పెద్దన్నయ్య. అడగడం అది ఎన్నోసారో.

"ఇవ్వను బావగారూ. ఈ ఏడు మొదటి చీటీ మా ఆయన తీస్తారంటే అప్పుడు ఇస్తాను."

"పెద్దవాడి దగ్గర్నుంచి మొదలుపెట్టడం నాన్న పెట్టిన పద్ధతి."

"మామయ్యగారు పద్ధతి పెట్టారు. చీకటి పెట్టలేదు."

పెద్దన్నయ్య నోరు మూతపడింది. పక్కనే కూర్చున్న పెద్ద వదిన నోరు తెరుచుకుంది.

"ఏం, మేము ఏరుకుని తీసుకున్నామా? కళ్ళు మూసుకునే కదా చెయ్యి పెట్టేది."

"ముందు చెయ్యి పెట్టినవాళ్ళకి మూడుంటాయి అక్కా. మాకు ఒకటి. అదైనా విప్పి చూసుకునే ముచ్చట లేదు."

ఆ మాట నిజమే. మా ఇంటి కింది భాగంలో ఒకదాని వెనక ఒకటిగా మూడు కొట్లున్నాయి. ముందుదానికి వీధి వెలుతురంతా వస్తుంది. నడిమిదానికి కప్పులో గాజు పలక ఉంది. వెనకది మెట్ల కిందికి పోతుంది, పట్టపగలే బల్బు వెయ్యాలి. పెద్దన్నయ్య తాళాలు చేస్తాడు, చిన్నన్నయ్య బట్టలు కుడతాడు, నేను చేతి గడియారాలు బాగుచేస్తాను. ఏడాదికోసారి చీటీలు తీసి కొట్లు పంచుకోవాలని నాన్న చెప్పాడు. ఆ మూడు చీటీలూ తన చేత్తోనే రాసి పెట్టి పోయాడు. రెండు చీటీలు విప్పాక మూడోదేమిటో తెలిసిపోతుంది గనక దాన్ని విప్పేవాళ్ళం కాదు. మిగతా రెండూ మళ్ళీ మడిచి లోపల వేసి, డబ్బాని దేవుడి అలమరలో పెట్టేసేవాళ్ళం.

మొదట్లో కొట్లు అందరికీ తిరిగాయి. తర్వాత వరసగా ఆరేళ్ళు నాకు వెనకదే. ఈ మధ్య గడియారంలో వెంట్రుకంత స్ప్రింగు నాకు రెండుగా కనపడుతోంది. కళ్ళ డాక్టరు అద్దాలు మార్చి, "పగటి వెలుతుర్లో పని చేసుకోండి, లేదంటే పని మార్చుకోండి," అన్నాడు. మా ఆవిడ ఆ మాట నా పక్కనే నిలబడి వింది.

"మధ్యవాణ్ణి నేను," అన్నాడు చిన్నన్నయ్య, మెడలో కొలత టేపు సర్దుకుంటూ. "ఎటు మాట్లాడినా చీవాట్లు నాకే. కాబట్టి నేను మాట్లాడట్లేదు."

"ఎవరూ మాట్లాడక్కర్లేదు," అంది మా ఆవిడ. "మా పిల్లని అడుగుదాం. ఇంజినీరింగు రెండో ఏడు. చదువుతున్నది ఈ లెక్కలే. రేపు పరీక్ష కూడాను. ఏమే, ఇట్రా."

అమ్మాయి పెన్సిలు జుట్టులో గుచ్చుకుని వచ్చింది. ఒక చోట నిలవదని చిన్నన్నయ్య దానికి సెకన్ల ముల్లు అని పేరు పెట్టాడు. అలాంటిది ఇప్పుడు గుమ్మంలో కదలకుండా ఆగిపోయింది.

"ప్రాబబిలిటీయో ఏదో ఉందిగా, అందులో ఏముందో మీ పెదనాన్నకి చెప్పు. ముందు తీసేవాళ్ళకి లాభమా, కాదా?"

అది వాళ్ళమ్మ ముఖం చూసింది. నా కళ్ళద్దాలు చూసింది.

"తేడా లేదమ్మా," అంది.

మా ఆవిడ డబ్బాని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"మళ్ళీ చెప్పు."

"ముందు తీసినా చివర తీసినా అవకాశం ఒకటే. మూడింట ఒక వంతు."

"విన్నావా," అంది వదిన.

మా ఆవిడ వదిన వైపు చూడలేదు. "నా కూతురివా, వాళ్ళ వకీలువా?" అంది మెల్లగా. కేకేసి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

"నేనూ నీలాగే వాదించానమ్మా." అమ్మాయి వచ్చి నేల మీద కూర్చుంది. "పోయిన నెల ల్యాబులో వైవా. ప్రశ్నలు చీటీల మీద రాసి పెట్టారు. అందులో ఒకటి ఎవరికీ రానిది. ముందు తీయాలని అందరూ తోసుకుంటున్నారు. చివరి నంబరు నాదే కదా, అందరికంటే కోపం నాకే. ఇది అన్యాయం సార్ అన్నాను. మా పావలా సార్ నా చేతికి సుద్దముక్క ఇచ్చి, అన్యాయం ఎంతో బోర్డు మీద చూపించమన్నారు."

"పావలా సారా?" అన్నాడు చిన్నన్నయ్య.

"తప్పు లెక్కలో కూడా వెతికి పావు మార్కు వేస్తారు. వెళ్ళి రాశాను. సగం దూరం వెళ్ళేసరికి నా వాదనని నేనే కొట్టేసుకుంటున్నాను. నా చేత్తోనే. సార్ ఏమీ అనలేదు, ఇంకో సుద్దముక్క ఇచ్చారు. అప్పటిదాకా ఆ క్లాసంటే నాకు జ్వరం వచ్చేది నాన్నా. ఆ రోజు బస్సులో కూడా అదే లెక్క వేసుకుంటూ మన స్టాపు దాటిపోయాను."

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. చెప్పు తెగి, ఆలస్యంగా వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. మా ఆవిడ వంటింట్లోకి లాక్కుపోయి, ఎవరబ్బాయే అని అడిగింది. "కండిషనల్ ప్రాబబిలిటీ అమ్మా," అంది. ఆ అబ్బాయి సంగతి వాకబు చెయ్యమని మా ఆవిడ నాకు రెండు రోజులు చెప్పింది.

"పెదనాన్నా, పళ్ళు కొయ్యని తాళం చెవులు మూడివ్వండి. ఒకే పెట్టెలోవి."

పెద్దన్నయ్య ఇచ్చాడు. ఒకదాని మీద, ముందు కొట్టుకి గుర్తుగా, సిరా చుక్క పెట్టి, మూడింటినీ చిన్నన్నయ్య గుడ్డ సంచిలో వేసింది. ఎప్పటి వరసలోనే ముగ్గురిచేతా తీయించింది.

"ఎవరూ విప్పొద్దు. పిడికిళ్ళు ముందుకి చాపండి."

ముగ్గురం చిన్నపిల్లల్లా చాపాం.

"అమ్మా, చుక్క ఉన్న చెవి ఎవరి దగ్గరుంది?"

"నాకేం తెలుసు?"

"ఎవరి దగ్గర ఉండడానికి ఎక్కువ వీలుంది?"

మా ఆవిడ మూడు పిడికిళ్ళనీ వరసగా చూసింది. నా పిడికిలిని ఎక్కువసేపు చూసింది.

"మూడూ పిడికిళ్ళే కదా," అంది చివరికి, ఇష్టం లేకుండా.

"అంతే. ముందు తీసిన చెయ్యి అని దాని మీద రాసి లేదు."

"ఆగాగు." ఈసారి వదిన. తను ఏ పక్షమో ఆవిడ మర్చిపోయినట్టుంది. "మేము తీసి వెంటనే విప్పేస్తాం కదా. మొదటాయనకే వచ్చేస్తే చివరివాడికి ఏం మిగిలినట్టు?"

"వచ్చేస్తేనే కదా పెద్దమ్మా. ఆయనకి రాకపోవడానికి మూడింట రెండు వంతులుంది. రాకపోతే ఆ రెండు వంతులూ మిగిలిన ఇద్దరివీ, సగం సగం. అప్పుడు ఒక్కొక్కరికి ఎంత?"

చిన్నన్నయ్య టేపుని మధ్యకి మడిచి చూశాడు. "మూడింట ఒకటి. గుడ్డ మడతేసి కత్తిరించినట్టే."

"నోటి లెక్కలు నాకొద్దు," అంది మా ఆవిడ. "చేసి చూపించు."

చేశాం. మొదటిసారి చుక్క పెద్దన్నయ్యకి వచ్చింది. రెండోసారీ ఆయనకే. మూడోసారీ ఆయనకే.

"ఇంకా చదువుతావా ఆ పుస్తకం?" అంది మా ఆవిడ.

అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. పెదవి తడుపుకుంది. "ఆపొద్దమ్మా. మూడుసార్లకి ఏమీ తెలీదు. తీస్తూనే ఉండాలి."

తీస్తూనే ఉన్నాం. చుక్క ఎవరికొస్తే వాళ్ళ ముందు అగ్గిపుల్ల పెట్టే పని వదిన అందుకుంది. చిన్నన్నయ్యకి వరసగా రెండు వచ్చేసరికి ఆయన లేచి చొక్కా చేతులు మడిచాడు. నాకు రావడం మొదలైంది. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది, ఎవరూ లేవలేదు. తాళం కోసం వచ్చిన ఎవరో గుమ్మంలో నిలబడి, "ఇప్పుడెవరికి?" అని అడగడం మొదలుపెట్టాడు. అగ్గిపెట్టె ఖాళీ అయ్యేసరికి మూడు కుప్పలూ దాదాపు ఒకే ఎత్తున ఉన్నాయి. నా కుప్పలో ఒకటో రెండో ఎక్కువే.

పెద్ద చదువు లేనివాణ్ణి, అయినా ఆ కుప్పలు నాకు అర్థమయ్యాయి. చివరిది ఎంగిలి మెతుకు కాదు. అది కూడా మొదటిదంత నిండైనదే.

"అయితే అమ్మాయ్," అన్నాను, గొంతు సవరించుకుని, "నాకొచ్చింది దేవుడిచ్చిందేనా?"

అది నవ్వలేదు.

"అది మా సిలబస్‌లో లేదు నాన్నా. అవకాశం అంటే మనకి తెలియనిదాన్ని కొలవడం అని సార్ చెప్పారు. తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అంటే, దాని గురించి ఏమీ చెప్పలేదు."

నాకు ఆ సార్ మీద గౌరవం కలిగింది.

మా ఆవిడ మాత్రం అగ్గిపుల్లల వైపే చూస్తోంది. కోపం పోయి, ఏదో లెక్క తేలనట్టుంది ముఖం.

"సరే, అందరికీ సమానమే. ఒప్పుకున్నాను. మరి ఆరేళ్ళూ మనకే ఎలా వచ్చిందే?"

సంచి ముడి వేస్తున్న అమ్మాయి చేతులు ఆగాయి. పెదవులు కదిలాయి.

"ఏడు వందల ఇరవై తొమ్మిదికి ఒకటి," అంది.

"ఏమిటది?"

"ఆరేళ్ళూ మనకే వెనకది రావడానికి ఉన్న అవకాశం."

పెద్దన్నయ్య లేచి నిలబడ్డాడు. "అంటే మేము దగా చేశామనా?"

"అనలేదు పెదనాన్నా. అరుదైనవీ జరుగుతాయి. కానీ..." అది కూడా లేచింది. ఇక ముల్లు తిరగడం మొదలైంది. గది ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తోంది. "సార్ ప్రతి లెక్కకీ ముందు ఒక వాక్యం రాయిస్తారు. అన్నిటికీ సమాన అవకాశం ఉందనుకుందాం, అని. అనుకుందాం అంతే. నేను తాళం చెవులతో చూపించాను. అవి ఒకే అచ్చులోవి. మన చీటీలు నేనెప్పుడూ చూడలేదు."

"ఆ డబ్బాలోకి చూడటం మన ఇంట్లో లేదు," అన్నాడు పెద్దన్నయ్య. "పంపకం రోజు చెయ్యి పెట్టడమే. అది నాన్న చేతిరాత."

"ఇవాళ పంపకం రోజే కదన్నయ్యా," అన్నాడు చిన్నన్నయ్య.

అందరూ నా వైపు చూశారు. నాకు భయమేసింది. ఇన్నేళ్ళు తల వంచి తీసుకున్నదాన్ని ఇప్పుడు విప్పి చూస్తే, ఇచ్చినవాణ్ణి అనుమానించినట్టు కాదూ? కానీ నేను గడియారాల వాణ్ణి. నడవని గడియారాన్ని విప్పినప్పుడు దాన్ని చేసినవాడికి కోపం వస్తుందని నాకెప్పుడూ అనిపించలేదు.

"చూడనీ అన్నయ్యా," అన్నాను.

మా ఆవిడ డబ్బా ఎత్తి, పెద్దన్నయ్యకి కాదు, కూతురికి ఇచ్చింది.

అది మూత తీసి, లోపలికి చూడకుండా నా ముందు పెట్టింది. "కళ్ళు మూసుకో నాన్నా. మొదటి చెయ్యి నీదే అనుకుని తీయి."

చెయ్యి పెట్టాను. మొదటి చీటీ దానంతటది వేళ్ళ మధ్యకి వచ్చింది. దాన్ని పక్కన పెట్టి మళ్ళీ పెట్టాను. రెండోదీ అంతే, మెత్తగా, ఉబ్బుగా ఉంది. మూడోసారి వేళ్ళకి డబ్బా అడుగే తగిలింది.

"లేదే," అన్నాను.

"ఉంటుంది. అంచు వెంట గోరుతో వెతుకు."

అడుగు రేకు అతుకు దగ్గర ఏదో గోరుకి తగిలింది. గీకి పైకి తీశాను. గోరంత కాగితం ముక్క, గట్టి మడత, రేకులా పలచగా ఉంది.

అమ్మాయి రెండు చేతులతో తల పట్టుకుంది. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "అదే, అదే. ఒక్క ఏడాది మామూలుగానే వెనకది చివర మిగిలింది. మీరు దాన్ని విప్పలేదు. ఆ రెండూ విప్పారు, మళ్ళీ మడిచారు. విప్పి మడిచింది లావవుతుంది. విప్పనిది అలాగే ఉంటుంది. తర్వాత ఏడు చెయ్యి పెడితే లావువే తగులుతాయి. ఇది మళ్ళీ మిగులుతుంది. మళ్ళీ విప్పరు. ప్రతి ఏడూ అవి ఇంకా ఉబ్బుతాయి, ఇది ఇంకా అణిగి అడుగుకి పోతుంది. ఎవరూ ఏమీ చెయ్యలేదు పెదనాన్నా. ఏమీ దాచలేదని మీరు నాన్నకి చేతులు చూపించక్కర్లేదు."

పెద్దన్నయ్య నిజంగానే తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

నేను ఆ చీటీ విప్పాను. మడత దగ్గర కాగితం చిట్లింది. లోపల తెల్లగా ఉంది. "వెనక" అని నాన్న రాత. పక్కనున్న రెండు చీటీలూ మా వేళ్ళ జిడ్డుకి గోధుమరంగు తిరిగి, సిరా వెలిసిపోయాయి. ఆరేళ్ళుగా ఎవరూ విప్పని ఇది నిన్న రాసినట్టుంది.

పెద్దన్నయ్య దాన్ని నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"నాన్న అక్షరం ఇంత నల్లగా ఉండేదా?" అన్నాడు. అటు తిరిగే అన్నాడు.

"నీ అనుమానం నిజమేనమ్మా," అంది అమ్మాయి. "కారణమే తప్పు."

"అనుమానం నేను పడతాను, కారణం నువ్వు వెతుకు. నిన్ను చదివిస్తున్నదెందుకు మరి?" మా ఆవిడ దాని జుట్టులోంచి పెన్సిలు లాగి దాని చేతికిచ్చింది. అంతకు మించి ముద్దు చెయ్యడం ఆవిడకి రాదు.

ఆరేళ్ళు నేను దణ్ణం పెట్టింది ఒక కాగితం మడతకా? నాకు తెలీదు. పాత అనుమానం పోయి కొత్తది వచ్చింది. కొత్తది గీసుకోవడం లేదు, అంతే.

నాన్న చీటీలు మూడూ దేవుడి అలమరలోకి వెళ్ళాయి. ఇక తాళం చెవులతోనే పంపకం అని తేల్చారు. ఒక చుక్క ముందు కొట్టు, రెండు నడిమిది, మూడు వెనకది. తాళాలు చేసే చెయ్యి సిరా చుక్కని కూడా పసిగడుతుందని మా ఆవిడ పేచీ పెట్టింది. అమ్మాయి వెళ్ళి తన ఉన్ని మేజోడు ఒకటి తెచ్చింది. తీసేవాళ్ళు అది చేతికి తొడుక్కోవాలి.

"సరే, మా ఆయన్ని మొదలుపెట్టమనండి," అంది వదిన.

"ఈ ఏడు ముందు మేమే అని చెప్పానుగా."

"తేడా లేదని నీ కూతురే తేల్చిందిగా. మేము ముందు తీస్తే నీకేం?"

"తేడా లేనప్పుడు మేము తీస్తే మీకేం?"

అమ్మాయి గోడకి నుదురు ఆనించింది. "సార్‌కి ఇది చెప్పాలి," అని గొణుక్కుంది.

"చాల్లే," అన్నాడు పెద్దన్నయ్య. "ఈసారి చిన్నవాడి నుంచే. తీయరా."

సంచి నా ముందుకొచ్చింది. మేజోడు చేతికి తొడుక్కున్నాను. మా ఆవిడ నా వెనకే నిలబడింది, ఊపిరి మెడకి తగులుతోంది. అన్నయ్య వైపు చూశాను. అప్పుడు ఎందుకో సైకిలు గుర్తొచ్చింది.

మా చిన్నతనంలో అద్దె సైకిలు తెచ్చుకుని వంతులవారీగా తొక్కేవాళ్ళం. వంతులు కూడా పెద్దవాడి నుంచే. నా వంతు వచ్చేసరికి గంట అయిపోయేది. ఒకసారి నేను ఏడుస్తూ కూర్చుంటే అన్నయ్య తన వంతు నాకిచ్చేశాడు. "ఊరికే కాదు, బాకీ," అన్నాడు. ఆ బాకీ మాట ఇప్పటికీ ఎత్తుతాడు. ఆయన మాట నేను విననప్పుడల్లా ఎత్తుతాడు.

మేజోడు తీసి ఆయన ముందుకు చాపాను.

"నీ వంతు అన్నయ్యా. సైకిలుది."

వెనక ఊపిరి ఆగింది. "ఏమండీ," అంది మా ఆవిడ. "ఇంత గొడవా పడి మళ్ళీ మొదటికే వచ్చామా?"

"తేడా లేదుగా," అన్నాను.

పెద్దన్నయ్య మేజోడు వైపు, నా వైపు చూశాడు. "విలువ లేని వంతిచ్చి బాకీ తీర్చేద్దామనా?"

"నువ్విచ్చిన సైకిలుకి మాత్రం బ్రేకులున్నాయా?"

ఆయన పెదవి వంకర తిరిగింది. మేజోడు తొడుక్కుని సంచిలో చెయ్యి పెట్టాడు. లోపల చాలాసేపు తిప్పాడు. చెవి బయటికి తీసి కిటికీ వెలుతురుకి పట్టాడు.

మూడు చుక్కలు. వెనక కొట్టు.

వదిన కుర్చీ వెనక్కి జరిపి లేచింది. చిన్నన్నయ్య టేపు మెడలోంచి తీసేశాడు. సంచిలో ఇంకా రెండున్నాయి.

"ఇప్పుడు ముందుది సగానికి సగం నాన్నా," అంది అమ్మాయి నా చెవిలో.

పెద్దన్నయ్య మేజోడు ఊడదీసి, లోపలివైపు బయటికొస్తే సరిచేసి, నా చేతిలో పెట్టాడు.

"బాకీ చెల్లిపోయిందిరా," అన్నాడు.